వసారాలో గడ్డిమనిషి

సూట్‌కేసులు అటక దిగిన రోజునే వెర్లిన్ గుండెలో ముల్లు గుచ్చుకుంది.

గోదాములో పని ముగించుకుని వచ్చేసరికి అవి మెట్ల కింద వరసగా నిలబడి ఉన్నాయి. పెళ్లికి అత్తగారు ఇచ్చిన నీలంరంగువి రెండు, తండ్రి తరం నాటి గోధుమరంగు తోలుపెట్టె ఒకటి. దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడిచి, పట్టీలు బిగించి ఉన్నాయి. ఎందుకు దించావని భార్యను అడిగితే పండక్కి అంది డోరీన్. ఈసారి హాలోవీన్‌కు ముందుగది తాను సింగారిస్తున్నానని, అందులోకి తొంగి చూడవద్దని, నెలాఖరు దాకా వంటింటి గుమ్మంలోంచే వచ్చిపొమ్మని కూడా చెప్పింది.

హాలోవీన్‌కు జనం గుమ్మడికాయలు చెక్కుకుంటారు. అట్టముక్కలతో సమాధిరాళ్లు కోసి గడ్డిలో పాతుతారు. కోడిగూళ్లకు కట్టే తీగవలను మనిషి ఆకారంలో వంచి దయ్యమని నిలబెడతారు. సూట్‌కేసులతో పనేమిటి? వెర్లిన్ తమ్ముడు రాయిస్ భార్య కూడా ఇలాగే ఒకనాడు, అక్కగారింటికి వెళ్లొస్తానని పెట్టె దించింది. ఆ పెట్టె మళ్లీ అటకెక్కలేదు.

ఆ వీధిలో పండగ సాయంత్రం ప్రతి ఇంటి ముందుగదీ అందరికీ తెరిచి పెడతారు. ఎవరి గదిలో ఏముందో ఆ పూట దాకా పక్కింటికి తెలియకూడదు. ఒకప్పుడు వెర్లిన్ గదంటే వీధి చివరిదాకా జనం బారు తీరేవాళ్లు. తాడు లాగితే మూత లేచే శవపేటిక, వంటసోడా నురగ కక్కే గుండిగ, అన్నీ తన చేత్తో చేసేవాడు. తను పనిచేసే అద్దాల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ సరదా చచ్చిపోయింది. ఈ ఇంటికి దయ్యాలు చేసుకోవలసిన కర్మ లేదు, నేనున్నానుగా అని పిల్లల ముందే అనేవాడు. డోరీన్ రెండుమూడేళ్లు బతిమాలింది. తర్వాత బతిమాలడం మానేసి, కంచె అవతల ఇంటికి వెళ్లింది.

కంచె అవతల ఉండేది లైల్ మాస్టారు. ఊళ్లో సగం మందికి బడిలో వడ్రంగం నేర్పి రిటైరైన మనిషి. భార్య పోయింది. కారు షెడ్డు నిండా రంపాలు, కలప, వేడి జిగురు చిమ్మే తుపాకీలు. డోరీన్ సాయంత్రం అవగానే ఖాళీ పాల డబ్బాలు సంచిలో వేసుకుని అక్కడికి పోయేది. వాటికి కళ్లూ నోరూ గీసి లోపల దీపం పెడితే పుర్రెల్లా ఉంటాయట. తిరిగి వచ్చేటప్పుడు ఆమె జుట్టులో జిగురు పోగులు మెరుస్తుండేవి. మొహం కూడా మెరుస్తుండేది. వెర్లిన్‌కు పోగుల మీద అనుమానం లేదు.

దీనికి తోడు ఫోను. కొలంబస్‌లో ఉన్న కూతురు టెస్‌తో మాట్లాడుతూ ఉండేది, అతను గదిలోకి రాగానే గొంతు తగ్గించేది. ఒకసారి మాత్రం స్పష్టంగా వినబడింది. నవంబరు నుంచి నీ పైగది ఖాళీయేగా అంటోంది డోరీన్.

ఆ మర్నాడు ఆమె అంగడికి వెళ్లగానే, వెర్లిన్ పెరట్లోంచి చుట్టు తిరిగి వచ్చి ముందుగది కిటికీ తెర సందులోంచి లోపలికి చూశాడు. చూసి, అక్కడే పూలతొట్టి అంచున కూలబడ్డాడు. సోఫా మీద, కుర్చీల మీద తెల్లని దుప్పట్లు కప్పి ఉన్నాయి. గోడల మీది ఫోటోలన్నీ దించేశారు. పెళ్లిఫోటో ఉన్నచోట లేత చదరం ఒకటి మిగిలింది. గడియారం ఆగి ఉంది. గుమ్మం పక్కన మూడు సూట్‌కేసులు, వాటి మీద ఆడవాళ్ల టోపీ. ఇల్లు ఖాళీ చేసి వెళ్లేవాళ్లు సరిగ్గా ఇలాగే సర్దుతారు. పండగ పేరు చెప్పి తన కళ్ల ముందే సర్దుకుంటోందన్నమాట. ఎంత ధైర్యం.

అడగవచ్చు. నోరు తెరిచి ఒక్కమాట అడగవచ్చు. కానీ అడిగితే జవాబు వస్తుంది. వెర్లిన్‌కు అనుమానంతో బతకడం అలవాటే, జవాబుతో బతకడమే తెలియదు.

పండక్కి కొద్దిరోజుల ముందు అతని బట్టలు మాయమయ్యాయి. ఫ్యాక్టరీ కోటు, పనిబట్టల ప్యాంటు, ముక్కు అరిగిన బూట్లు. అన్నీ వసారాలోని ఊగుడు కుర్చీలో దొరికాయి. వాటి నిండా గడ్డి కూరి, చేతులకు తోలు తొడుగులు, తలకు కళ్లు కత్తిరించిన గోనెసంచి తగిలించి, డోరీన్ ఒక మనిషిని కూర్చోబెట్టింది. కోటు రొమ్ము మీద అతని పేరు కుట్టిన గుడ్డ అలాగే ఉంది. ఒళ్లో మిఠాయి గిన్నె కోసం చోటు వదిలింది. బూట్లు మాత్రం తారుమారుగా తొడిగింది, ఎడమది కుడికి, కుడిది ఎడమకి. అది కూడా చేతకాలేదని వెర్లిన్ మూతి విరిచాడు.

ఎదురింటి ఓపల్ ముసలమ్మ కుక్కను తిప్పుతూ ఆగింది.

"ఏమయ్యా వెర్లిన్, మీ ఆవిడ నీకంటే కుదురైనవాణ్ణి తెచ్చుకుందే."

"కుదురుగానే ఉన్నాడులే పెద్దమ్మా. తిండి కూడా అడగడు."

"ఎదురు మాట్లాడడు, అది చెప్పు ముందు," అని నవ్వుకుంటూ పోయింది.

ఆ నవ్వులోనే వెర్లిన్‌కు ఆలోచన తట్టింది. ఆ వీధిలో ఏటా ఎక్కడో ఒక వసారాలో గడ్డిబొమ్మ స్థానంలో బతికున్న మనిషి కూర్చుంటాడు. పిల్లలు మిఠాయికి చెయ్యి చాచగానే ఆ చెయ్యి పట్టుకుంటాడు. కేకలు పెట్టి పారిపోవడం, మళ్లీ రావడం, అదో సంబరం. గడ్డిమనిషి ముందు ఎవరూ గొంతు తగ్గించరు.

పండగ రోజు తనకు గోదాములో పని ఉందని చెప్పి బయటపడ్డాడు. కారు పక్కవీధిలో పెట్టి, పెరటి దారిన వచ్చాడు. డోరీన్ లోపల ఉండగా బొమ్మను చప్పుడు కాకుండా కట్టెలకొట్టం వెనక్కి మోసుకెళ్లి, గడ్డి దులిపేసి, తన బట్టలు తనే తొడుక్కున్నాడు. తన కోటులోకి దొంగలా దూరవలసి వచ్చిందని కడుపు మండింది. గోనెసంచి తగిలించుకుని వచ్చి కుర్చీలో వాలాడు. ఇంకా వెలుగు ఉంది. వీధిలో ఎవరో ఆకులు కాలుస్తున్నారు. మెడ మీద గడ్డిపరకలు గీరుతున్నా కదల్లేదు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. డోరీన్, వెనకాలే లైల్ మాస్టారు నిచ్చెనతో. ఆయన లాంతరు వేలాడదీస్తుంటే, ఆమె మిఠాయి గిన్నె తెచ్చి ఒళ్లో పెట్టింది. తర్వాత వంగింది. బూటు తాడు ఊడి ఉంటే, నెమ్మదిగా ముడి వేసింది. లేచి నిలబడి చేతులు దులుపుకుంది.

"టెస్ దగ్గరికి ఎప్పుడమ్మా ప్రయాణం?" అన్నాడు లైల్ నిచ్చెన మీద నుంచి. "గది సిద్ధంగా ఉందన్నావుగా."

వెర్లిన్ ఊపిరి బిగపట్టాడు. డోరీన్ గిన్నెలో మిఠాయిలు సర్దింది.

"వెళ్లడం లేదు మాస్టారూ. దానికి చెప్పేశాను."

"అదేం?"

"ఆ మనిషికి గుడ్డు వేయించుకోవడం కూడా రాదు. నేను పోయానంటే ఈ కుర్చీలో వీడు, లోపలి కుర్చీలో వాడు. ఇద్దరిలో గడ్డివాడెవడో ఊళ్లో ఎవరూ పోల్చుకోలేరు."

"తిట్టావో మెచ్చుకున్నావో తెలియలేదు తల్లీ."

"నాకూ తెలియదు. ఆ నిచ్చెన జాగ్రత్త."

ఇద్దరూ లోపలికి పోయారు. గోనెసంచి లోపల వెర్లిన్ మొహం తడిసింది. అది చెమటేనని తనకు తాను చెప్పుకున్నాడు. వెళ్లడం లేదట. మాస్టారు ఒట్టి మాస్టారేనట. ఎన్నో వారాల తర్వాత వీపు కుర్చీకి పూర్తిగా ఆనింది.

అంతలో పిల్లల మంద వచ్చిపడింది. ముందు ఒక పిల్ల, తేనెటీగ వేషం, చేతిలో కర్ర. గిన్నెలో చెయ్యి పెట్టబోయి ఆగి, కిందికి చూసింది.

"ఇది బతికే ఉంది," అంది వెనకవాళ్లతో. "బూట్లు చూడండి. నిన్న తారుమారుగా ఉన్నాయి. బొమ్మ అని తెలియాలనే అలా వేస్తారు."

వెర్లిన్ కిందికి చూసుకున్నాడు. ఎడమ కాలికి ఎడమది, కుడికాలికి కుడిది. బతికున్నవాడు ఎలా తొడుక్కుంటాడో అలాగే తొడుక్కున్నాడు. డోరీన్ వంగింది ఆ బూట్ల దగ్గరే. ముడి వేసింది అక్కడే. ఆ తర్వాతే ఆ మాటలన్నీ అంది.

అంటే తెలిసే అంది. వింటున్నాడని తెలిసి, వినవలసింది వినిపించింది. పండగ పూట వసారాలో రభస ఎందుకని పిల్లలకు మిఠాయి పెట్టినట్టే తనకూ ఒక తియ్యటి మాట పడేసి పోయింది. ఆనిన వీపు మళ్లీ లేచింది. ఆ సాయంత్రం అతను పట్టుకున్న చేతులన్నీ కాస్త గట్టిగానే పట్టుకున్నాడు. పిల్లల కేకలు నిజంగానే వీధి దద్దరిల్లేలా ఉన్నాయి.

జనం పలచబడ్డాక డోరీన్ వచ్చి ఖాళీ గిన్నె తీసుకుంది.

"ఇక లే. కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి."

వెర్లిన్ సంచి తీశాడు. "వెళ్లనని అన్నావే, అది మాస్టారితో అన్నావా, నాతో అన్నావా?"

"మొహం మీద అడగమని ఎన్నాళ్లుగా చెబుతున్నాను నీకు? గోనెసంచి తగిలించుకుంటే గానీ నీ చెవులు పనిచెయ్యవా?"

"ఇప్పుడు అడుగుతున్నానుగా."

ఆమె మెట్టు మీద కూర్చుంది. "వెళదామనే అనుకున్నాను. టెస్‌ను గది అడిగింది నేనే. ఎప్పుడో వదిలేసిపోయిన ఇల్లులా గదిని చేద్దామన్న ఆలోచన కూడా అందులోంచే వచ్చింది. ఫోటోలు దించాను, దుప్పట్లు కప్పాను. అన్నీ అయ్యాక ఎలా వచ్చిందో చూద్దామని మధ్యలో కూర్చున్నాను." ఒళ్లోని ఖాళీ గిన్నెను బోర్లించింది. "బాగాలేదు వెర్లిన్. చూడబుద్ధి కాలేదు. ఆ రాత్రే దానికి ఫోన్ చేశాను."

అతను గోనెసంచిని మడిచి కుర్చీ మీద పెట్టాడు.

"లోపలికి వచ్చి చూడు. వీధంతా చూసింది, నువ్వొక్కడివే చూడలేదు."

వెళ్లి చూశాడు. టీలో నానబెట్టిన పలచటి గుడ్డలు కిటికీలకు చివికిన తెరల్లా వేలాడుతున్నాయి. పాలడబ్బా పుర్రెలు మూలల్లో మినుకుమంటున్నాయి. కప్పిన దుప్పట్ల కింద తమ సోఫాయే, తమ కుర్చీలే, కానీ తమవి కానట్టున్నాయి. భయమేసింది. తను చేసిన శవపేటిక ఎవరినీ ఇంత భయపెట్టి ఉండదు.

మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి దుప్పట్లు మడిచారు. పెళ్లిఫోటో దాని చదరంలోకి అది వెళ్లింది. గడియారానికి వెర్లిన్ కీ ఇచ్చాడు. సూట్‌కేసులు పైన పెట్టమంది డోరీన్. నీలంవి రెండూ దూదిపింజల్లా లేచాయి. గోధుమరంగు తోలుపెట్టె పట్టుకోగానే భుజం కిందికి గుంజింది.

"అందులో ఇటుకలున్నాయి," అని వంటింట్లోంచి వినిపించింది. "పిల్లలు తగిలితే పడిపోతోందని మాస్టారు పెట్టారు. తర్వాత తీద్దువుగాని."

వెర్లిన్ దాన్ని అటక మీదికి మోసుకెళ్లి దించాడు. వేళ్లు పట్టీ మీద ఆగాయి. కొంచెం కదిపి చూశాడు. ఇటుకలైతే ఒకదానికొకటి తగిలి చప్పుడు చేయాలి. చేయలేదు.

గుడ్డలు చుట్టి పెట్టి ఉంటాడు మాస్టారు, అనుకున్నాడు. పట్టీ వదిలేసి, కిందికి దిగి, అటక మూత వేశాడు.