దిహె అంటే చెప్పాను

"నేను చెప్పాను?" అన్నయ్య అడిగాడు.

"దిహె."

"నువ్వు చెప్పావు?"

"దిహిస్తె."

"వాడు చెప్పాడు?"

"దెసియొ."

అన్నయ్య నెత్తి కొట్టుకున్నాడు. "దిహొ, తల్లీ, దిహొ! స్పానిష్‌లో మిగతా క్రియలు పోయే దారిన ఇది పోదని ఎన్నిసార్లు మొత్తుకోవాలి?"

"అచ్చం మీ ఆవిడలా," అంది బుల్లి.

"నాకు చెయ్యే పోయింది, చెవులు కాదు," పక్కగదిలోంచి వదిన కేకేసింది. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. తెల్లారితే విచారణ.

బుల్లీ వదినా ఒకే లాండ్రీలో పనిచేస్తారు. హోటళ్ల దుప్పట్లను రోలరు మెషిన్లో ఇస్త్రీ చెయ్యడం పని. రోలరు ముందు ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే మెషిను ఆగాలి. ఆ రోజు ఆగలేదు. వదిన కుడిచేతి వేళ్లు దుప్పటితో పాటు లోపలికి పోయాయి.

తప్పు వదినదే అంది కంపెనీ. అదే ఖాయమైతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు ఈ దేశంలో ఉండే అనుమతీ పోతుంది. చేతికి ఇంకో ఆపరేషన్ మిగిలే ఉంది. కడ్డీ పాడైందని సూపర్‌వైజరుకు ముందే తెలుసని తేలితే మాత్రం తప్పు కంపెనీ మీదికి పోతుంది. అతనికి తెలియజేసింది బుల్లి. కాబట్టి అందరి ప్రాణం ఆమె నోట్లో ఒక్క మాట మీద ఉంది. దిహె. చెప్పాను.

విచారణ గదిలో దుబాసీ లేడు. మన భాష వచ్చినవాళ్లు దొరకలేదన్నారు. అన్నయ్య ఇంటిమనిషి కనుక నోరు విప్పకూడదన్నారు. వచ్చిన స్పానిష్‌లోనే చెప్పమని విచారణాధికారి నెమ్మదిగా అడిగింది.

"కడ్డీ పాడైందని సూపర్‌వైజరుకు చెప్పారా?"

"దిహె," అంది బుల్లి. తడబడలేదు.

"ఏ భాషలో?"

బుల్లికి ప్రశ్న అర్థమైంది. ఆమె అన్నయ్య వైపు చూసింది.

సూపర్‌వైజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మేడమ్, అప్పటికి ఈమెకి మా భాషలో నమస్కారం పెట్టడం కూడా రాదు. నాకు కల్లోకొచ్చి చెప్పిందేమో!"

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వారు. వదిన కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కుంది.

ఆ ఇస్త్రీ గదిలో ఎవరూ మాట్లాడరు. మెషిన్ల హోరులో అరిచినా వినపడదు. ఏదైనా పాడైతే మెషిను పిడికి గుడ్డ కట్టి రెండు ముళ్లు వేస్తారు. మెకానిక్ వచ్చి విప్పేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. దాన్నే వాళ్లు చెప్పడం అంటారు. "మెషిను సంగతి చెప్పావా?" అని వదిన ఇంట్లో అడిగినా అర్థం అదే. ఇన్నాళ్లూ ఆ క్రియను అరగదీసిన ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు, బయటివాళ్లు దాన్ని చెప్పడం అనరని.

"నో దిహె," అంది బుల్లి. చెప్పలేదు.

అన్నయ్య కళ్లు మూసుకున్నాడు.

పెట్టడానికి ఇంకో క్రియ ఉంది. అదీ ఈ జాతిదేనని అన్నయ్య ఒకసారి చెప్పి వదిలేశాడు. బుల్లి దాని కోసం తడుముకుంది. పొనె... పొని... అధికారి గడియారం చూసింది.

"పుసె," అంది బుల్లి. పెట్టాను. "త్రాపొ." గుడ్డ. పిడికి ముడి వేసినట్టు గాలిలో చేతులు తిప్పింది. సూపర్‌వైజరు వైపు వేలు చూపించింది. "పుసొ," అంది. పెట్టాడు. తన జేబు తట్టి చూపించింది. ఆ రోజు ఆ గుడ్డ విప్పి జేబులో పెట్టుకుని, మెషిను నడపమని అతనే చెయ్యూపాడు. టీ తాగి వచ్చిన వదినకు పిడి మీద గుడ్డ కనిపించలేదు.

"గుడ్డ కట్టే పద్ధతి ఉందా మీ దగ్గర?" అధికారి అడిగింది.

"ఎక్కడిది మేడమ్? ఇందాక చెప్పానంది, ఇప్పుడు పెట్టానంటోంది. ఇంకాసేపు ఉంచితే పాడానంటుంది."

అధికారి రాసుకుంది. బుల్లిని ఇక వెళ్లమంది. తర్వాతి సాక్షిని పిలిచింది.

తర్వాతి సాక్షి కంపెనీ తరఫు మనిషి. బుల్లి చేరకముందు నుంచీ అదే రోలరు మీద పనిచేస్తున్న పెద్దావిడ. లాండ్రీలో అందరికీ పెద్దమ్మ. ఈ పూట సూపర్‌వైజరు కారులో వచ్చింది. వచ్చినప్పటి నుంచి వదిన ముఖం చూడలేదు.

బుల్లి లేచింది. చేతిలో చెమటకు తడిసిన రుమాలు ఉంది. ఏం చేస్తోందో ఆమెకే తెలియలేదు. తను లేచిన సాక్షి కుర్చీ చేతికి రుమాలు కట్టి, రెండు ముళ్లు బిగించి పక్కకు జరిగింది.

పెద్దమ్మ వచ్చింది. కూర్చోవడానికి కుర్చీ మీదికి చెయ్యి చాచింది. ముడి చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కూర్చోండి," అంది అధికారి.

పెద్దమ్మ కూర్చోలేదు.

"కూర్చో, ఏమైంది నీకు?" సూపర్‌వైజరు లేచి వచ్చి రుమాలు విప్పబోయాడు.

"అలాగే ఉంచండి," అంది అధికారి. "అమ్మా, ఎందుకు కూర్చోరు?"

పెద్దమ్మ మొదటిసారి వదిన వైపు చూసింది. చేతి కట్టును చూసింది.

"మెకానిక్ ఇంకా రాలేదుగా," అంది.