చంద్రకాంతలు విచ్చే వేళ

కరుణాకరం దేవగన్నేరు చెట్టు కింద మోకాళ్ల మీద వంగి, రాలిన పువ్వు మీదకు కెమెరా దించుతున్నాడు. చొక్కా జేబులో పాత ఫిల్ము డబ్బా గలగలమంది. అందులో ఉన్నవి చంద్రకాంత విత్తనాలు, మిరియాలంతేసి, నల్లగా. ఎక్కడికి పోయినా ఆ డబ్బా జేబులో ఉండాల్సిందే. ఆ చప్పుడు విని ‘అదుగో ఫోటోలాయన’ అనేవాళ్లు మార్కాపురం బజారులో ఇప్పటికీ ఉన్నారు.

రేపు ఈస్టరు. తెల్లవారుజామునే జనం కొవ్వొత్తులు పట్టుకుని ఈ పాత రాతి చర్చి వెనకున్న సమాధుల తోటకు వస్తారు. ఈలోగా కలుపు పీకి, సమాధులన్నిటికీ సున్నం కొట్టాలి. యేసుమణి పొద్దున్నుంచీ ఆ పనిలోనే ఉంది. ఆమె బకెట్టు ఎటు జరిగితే అటు గడ్డిచామంతులు మాయమవుతున్నాయి. ఆమె కంటే ఓ అడుగు ముందుండాలని కరుణాకరం తాపత్రయం.

ఫోన్లలోకి కెమెరాలు వచ్చాక ఆయన స్టూడియో కాస్తా ఫ్లెక్సీల దుకాణం అయింది. పెళ్లిళ్లు చేజారాయి, చావులు మిగిలాయి. పోయినవాళ్ల బొమ్మ చుట్టూ పూల అంచు పెట్టాలి కదా, ఆ పూలన్నీ ఈ తోటవే. కిరాణా కొట్టు రామతులసమ్మ పెద్దకర్మ ఫ్లెక్సీలో నవ్వింది ఈ నందివర్ధనాల మధ్యనే. పాపం, బతికుండగా ఆవిడ చర్చి గేటు దాటి ఎరగదు.

ఒక్క మొక్కను మాత్రం ఆయన ఎవరి అంచుకూ వాడలేదు. అది ఆయన భార్య ఫెబీ సమాధి దగ్గర ఉన్న చంద్రకాంత.

ఫెబీ పలకల ఫ్యాక్టరీలో పనిచేసేది. సాయంత్రం ఒళ్లంతా బూడిదరంగు పొడితో ఇంటికొచ్చి, స్నానం చేసి, పెరట్లో అప్పుడే విచ్చిన చంద్రకాంతలను దారం లేకుండా కాడకు కాడ మెలేసి జడలో పెట్టుకునేది. సరిగ్గా ఆ వేళకే స్టూడియోలో గిరాకీ. ఆయన ఇల్లు చేరేసరికి ఆమె నిద్రపోయేది, తలగడ మీద పూలు నలిగి ఉండేవి. ఊరందరినీ గడ్డం ఎత్తించి, లైటు సరిచేసి ఫోటోలు తీసినవాడు, పూలు పెట్టుకున్న భార్యను ఒక్కసారీ తీయలేదు. రేపు తీద్దాంలే అనుకుంటుండగానే ఆ సాయంత్రాలు అయిపోయాయి.

ఆమె పెరటి విత్తనాలే తెచ్చి సమాధి పక్కన చల్లాడు. పోయినేడు మొగ్గ మీదుండగా, పిచ్చిమొక్క అనుకుని ఎవరో పీకేశారు. దుంప మిగిలిందేమో, మాఘంలో మళ్లీ మొలిచింది. నీళ్లు మోసి బతికించుకున్నాడు. మొదటి మొగ్గలు కనబడింది ఇవాళే.

“యేసుమణీ, ఫెబీ కాడికి ఆఖరున పోమ్మా. ఆ పూలు పొద్దు వాలితేనే విచ్చుకునేది.”

“చర్చి అయ్యగారు పొద్దుగూకేలోపల అన్నీ తెల్లంగ కనపడాలన్నాడు బావా. గడ్డిపోచ గూడ ఉండగూడదంట.”

“ఒక్క ఫోటో. ఆనక నువ్వే పీకెయ్.”

యేసుమణి ఒకప్పుడు ఫెబీ పక్కనే కూర్చుని పలకలు నునుపు చేసిన మనిషి. కుంచె సున్నంలో ముంచి నవ్వింది. “అక్క ఉన్నన్నాళ్లు తీయకపోతివి. ఇప్పుడు చెట్టుకు తీస్తావా?”

“అందుకే కదమ్మా.”

ఆమె నవ్వు ఆపేసింది. బకెట్టు ఎత్తుకుని అవతలి వరసకు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాటాక ఆయన ఫెబీ సమాధి ఎదురుగా స్టాండు నిలిపి, కెమెరా బిగించి, తలవైపు నిలబెట్టిన పలకరాయీ మొక్కా రెండూ అందులో పడేలా చూసుకున్నాడు. పొద్దున్నుంచీ ఛాతీలో ఏదో బరువు. వంగి వంగి పట్టేసిందనుకున్నాడు.

“కునుకు పడితే లేపు యేసుమణీ. ఇదో, ఈ బొత్తాం నొక్కేదే, ఇంకేం లేదు.”

“నాకెందుకు చెప్తావు? నువ్వే నొక్కుదువులే.”

వేపమాను కానుకుని కూర్చున్నాడు. పూత మోకాళ్ల మీద రాలుతోంది. తడి సున్నం వాసనలో వేపపూత వాసన కలిసింది. దోర్నాల రోడ్డు మీద శ్రీశైలం బస్సు హారను ఎక్కడో మోగి, తేనెటీగల రొదలో కరిగిపోయింది. ఫ్యాక్టరీ వదిలినట్టున్నారు. గేటు చప్పుడైంది. ఫెబీ తడి జుట్టు విదిలించుకుంటూ వచ్చి, దోసిట్లో పూలతో ఎదురుగా కూర్చుంది. ఇవాళ స్టూడియోలో గిరాకీ లేదు, ఎవరూ పిలవరు. ‘కాస్త ఆగు, లైటు చూసుకోనీ’ అన్నాడు. లేక అన్నాననుకున్నాడు. ఆమె తొందరేం లేదన్నట్టు కాడలు మెలేస్తూ ఉంది.

ఎండ చల్లబడేసరికి తోటంతా తెల్లబడింది. యేసుమణి నడుం పట్టుకుని లేచి ఆఖరి సమాధి వైపు తిరిగింది. మొక్క నిండా గులాబీరంగు.

“బావా, విచ్చుకున్నాయి. లెయ్.”

ఆయన కనురెప్ప మీద వేపపువ్వు ఒకటి పడి ఉంది. దులుపుకోలేదు. ఆమె భుజం తట్టింది, తర్వాత చెయ్యి పట్టుకుని చూసింది. అర్థమైంది. కేక పెట్టాలి, అయ్యగారి దగ్గరికి పరిగెత్తాలి. కానీ వెలుతురు పోతోంది. సున్నం చేతిని కొంగుకు తుడుచుకుని, కెమెరా దగ్గరికి వెళ్లి, ఆయన చూపించిన బొత్తాం నొక్కింది. టక్కున చిన్న చప్పుడైంది. అప్పుడు ఏడ్చింది, గొంతెత్తి, ఊరంతా వినేలా.

తెల్లారి కొవ్వొత్తులతో వచ్చినవాళ్లు ఫెబీ సమాధికి మాత్రం సున్నం పడలేదేమని అడిగారు. యేసుమణి అక్కడ ఒక కొవ్వొత్తి వెలిగించింది. చంద్రకాంతలు ఇంకా ముడుచుకోలేదు. వాటి పక్కన పలకరాయి మీద, కరుణాకరాన్ని ఎత్తుతుంటే జేబులోంచి జారిన ఫిల్ము డబ్బా, మూత మీద సున్నపు వేలిముద్రతో, నిలబెట్టి ఉంది.