గఫూర్ బిగించని లైటు

ఆడ ఆపకు రెబెక్కా బిడ్డా, నిమ్మళంగనే చెప్తున్న గద, రాసుకుంట పో. నన్ను గుడ కుమారస్వామి అని పేరుతోనే రాయి. చేపల తొట్టి లైటును గోడకు బిగించేందుకు గఫూర్ మనింటికి వచ్చిన ఆఖరి రోజు సంగతి ఇది.

అప్పటికే అతను ప్లగ్గు పీకి, ట్యూబులైటును తుడిచి పక్కన పెట్టేశాడు. చేపల తొట్టి మీద అడ్డంగా ఉన్న నాపరాయి పలకను, నిద్రలో ఉన్న పసిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులతో మెల్లగా లేపాడు. వికారాబాద్‌లో ఇల్లు కట్టినప్పుడు మిగిలిన తాండూరు రాయి అది. ఇంటి పెద్దాయన కుమారస్వామే మొదట్లో దాన్ని తొట్టి అంచుల మీద వేసి, ఆ రాయి మీద లైటు పడుకోబెట్టాడు. రాయి అడుగంతా తడి. దాని బరువుకు తొట్టి అద్దం అంచు పెచ్చు లేచింది. గఫూర్ పలకను గోడకు ఆనించాడు. చేపలను బకెట్లోకి మార్చి, తొట్టి ఖాళీ చేసి, పెద్దాయనతో కలిసి పక్కకు జరిపాడు.

పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది, కనుబొమలు ఎప్పుడూ సున్నపు దుమ్ముతో తెల్లగా. సగం జీవితం తాండూరులో నాపరాయి పాలిష్ మిషన్ దగ్గర గడిచింది. ఆ షెడ్డులో నేల ఎన్నడూ ఆరేది కాదు. ఒక వానాకాలం, పక్క మిషన్ మీద పనిచేసే బీరప్ప నీళ్లలో నిలబడి వేలాడే కరెంటు తీగను చేత్తో తప్పించబోయి, అలసిపోయి కూర్చున్నట్టే కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు. గఫూర్ ఆ మిషన్ వదిలి కరెంటు పని నేర్చుకున్నాడు. స్నానాల గదులు, సంపు మోటర్లు, చేపల తొట్లు, నీళ్ల పక్కన కరెంటు ఉన్న చోటికల్లా అతన్నే పిలిచేవారు.

మిషన్ మాత్రం అతన్ని వదలలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత కుడిచేతిలో వణుకై తిరిగి వచ్చింది. దుకాణాల ముందు చెయ్యి జేబులో దాచుకుని మాట్లాడేవాడు. ఇంట్లో భార్య లాల్‌బీ దగ్గర దాగలేదు. చాయ్ సాసర్లోకి ఒలికేది. ఇక చాలించమని ఆమె రోజూ పోరేది. తాను బిగించింది ఏదైనా ఊడిపడిన రోజు చాలిస్తానని ఆమెకు మాట ఇచ్చాడు.

ఆ రోజు కుమారస్వామి మనవరాలు, రెబెక్క కూతురు రుచిత బకెట్ పక్కనే కూర్చుని అతని పని చూస్తోంది. చేపలకు చేత్తోనే తిండి పెట్టే పిల్ల. మోచేతి దాకా నీళ్లలో ముంచి, అవి వేళ్లు కొరుకుతుంటే కిలకిలా నవ్వేది. లైటు తీగ అంత పొడుగు ఎందుకని అడిగింది.

"నీళ్ల చుక్కలు తీగ పట్టుకొని స్విచ్చుబోర్డు లోపల్కి పోతయ్ బిడ్డా. గిట్ల కిందికి వంచి పెడితే, ఆ వంపు కాడనే రాలిపోతయ్."

తర్వాత స్టూలెక్కి గోడకు డ్రిల్లు ఆనించాడు. మొన జారింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది.

"గోడకు చక్కిలిగింతలు పెడుతున్నవా తాతా? చెయ్యి గట్ల ఆడుతుంది."

"గోడనే కదులుతుంది బిడ్డా," అని గఫూరూ నవ్వాడు.

రుచిత నవ్వుకుంటూ ట్యూషన్‌కు పోయింది. వచ్చేసరికి లైటు వెలగాలని గుమ్మంలోంచి చెప్పి మరీ పోయింది.

రంధ్రంలో చెక్క బిరడా కొట్టి కొక్కెం బిగించాడు. గఫూర్‌కు ఒక అలవాటు ఉంది. లైటు తగిలించే ముందు అదే కొక్కేనికి తన పనిముట్ల సంచి వేలాడదీసి, తీరిగ్గా చాయ్ తాగుతాడు. కప్పు ఖాళీ అయ్యేదాకా సంచి నిలిస్తేనే కింద తొట్టి పెట్టనిస్తాడు. ఆ రోజు కప్పు ఇంకా పెదవులకు తగలలేదు. కొక్కెం, బిరడా, సంచి అన్నీ కలిసి నేల మీద పడ్డాయి. బకెట్లో చేపలు ఒక్కసారి చుట్టూ తిరిగి మళ్లీ నిలిచాయి.

రంధ్రం వంకరపోయి వెడల్పైంది. కుమారస్వామి చూసి, దానిదేముంది, పక్కన ఇంకోటి వెయ్యమన్నాడు. గఫూర్ తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఇయ్యాల నిలుస్తది పెద్దాయనా. రేపు? దాని కింద ఆ పిల్ల చెయ్యి ఉంటది."

మర్నాడు తన చెల్లెలి కొడుకు సాకిబ్‌ను పంపుతానన్నాడు. ఊడిన సంగతి రుచితకు చెప్పొద్దని పెద్దాయన దగ్గర మాట తీసుకున్నాడు. తెలిస్తే ఇక తొట్టిలో చెయ్యి పెట్టాలంటే జంకుతుంది. నేల మీది బిరడాను ఏరి, తెరిచిన నోటిలా ఉన్న ఆ రంధ్రంలోనే నొక్కి, బొటనవేలితో అద్ది, చెప్పులు వేసుకున్నాడు.

తాండూరు పోయే ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చున్నాడు. ధారూర్ దాటాక చేతిని జేబులోంచి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎంత వణకాలో అంత వణకనిచ్చాడు. ఆ సాయంత్రం ఇంటికి చేరి లాల్‌బీతో ఊడిపడిందని ఒక్క మాటే చెప్పాడు. ఆమె అతని పనిముట్ల సంచి అందుకుని మూలన పెట్టింది. ఆనాటి నుంచి అతనికి చాయ్ సగం కప్పే పోసేది.

సాకిబ్ వచ్చి, జానెడు పక్కన గట్టి కొక్కెం వేసి లైటు తగిలించాడు. రుచిత మాత్రం గఫూర్ తాత ఎందుకు రాలేదని అడుగుతూనే ఉండేది. తన నవ్వుకే అలిగాడని దాని బాధ. కుమారస్వామి ఇచ్చిన మాట కోసం అసలు సంగతి దాచాడు.

ఇన్నేళ్లకు, మొన్న శుక్రవారం గఫూర్ పోయాడు. నమాజుకు బయలుదేరి, గడప మీద కూర్చుని, అక్కడే గోడకు ఒరిగిపోయాడట. సాకిబ్ ఫోన్ చేసి చెప్పాడు.

ఇగ మాట దాచి ఎవరికి లాభం. హాస్టల్‌ల ఉన్న రుచితకు ఫోన్ జేసి ఇది చదివి వినిపించు బిడ్డా. ఆయన అలగలేదని దానికి తెల్వాలె. గోడకు ఎన్నిసార్లు రంగేసినా, లైటు పక్కన ఆ చెక్క బిరడా ఇంకా గుండ్రంగ కనవడుతనే ఉన్నది.