గడప లోపల ఒక్క అడుగు

ఆరో గదికి ఎర్ర గుడ్డ, మిగతా గదులకు నీలం గుడ్డ. వసిలీనా ఎర్ర గుడ్డను బకెట్లో ముంచి, పిండి, మళ్ళీ ముంచింది. క్లోరిన్ నీళ్ళకు ఆమె వేళ్ళు ఎప్పుడో పాలిపోయి ముడతలు పడ్డాయి. ద్నిప్రో నది ఒడ్డున ఉన్న ఆ ఆసుపత్రిలో ఆమె ముప్పై ఒక్క ఏళ్ళుగా నేల తుడుస్తోంది. ఆమె తుడిచే వార్డు ఒకప్పుడు కాన్పులది. యుద్ధం వచ్చాక కాళ్ళూ చేతులూ పోయిన కుర్రాళ్ళతో నిండింది. నేల మాత్రం అదే. పొట్టి మనిషి, వాచిన మోకాళ్ళు, తలకు పువ్వుల రుమాలు. పక్కనుంచి పోయేవాళ్ళు తడి నేలను చూసుకుంటారే తప్ప ఆమెను చూడరు.

ఏడో గదిలోని కుర్రాడు ఊస్తిమ్‌కు మూడు రోజులుగా జ్వరం. అతని పుండులోంచి తీసిన చీము పరీక్షకు పంపారు. ఫలితం ఇవాళ వస్తుంది. అది ఆరో గది క్రిమి కాకూడదని పొద్దుటి నుంచీ ఆమె దేవుణ్ణి వేడుకుంటోంది.

ఆరో గదిలో హోర్దీ అనే ట్యాంకు డ్రైవరు ఉన్నాడు. అతని పుండులో చేరిన క్రిమి ఏ మందుకూ లొంగడం లేదు. అందుకే అతన్ని వేరుగా ఉంచారు. గౌనూ చేతితొడుగులూ లేకుండా ఎవరూ లోపలికి రాకూడదనీ, తిండీ టీ ఏవైనా గడప ఇవతలే నిలబడి లోపలున్న నర్సుకు అందించాలనీ డాక్టర్ బొహ్దానా తలుపు మీద రాసి అంటించింది.

గడప మీదుగా అందించడమట! వసిలీనా బుద్ధెరిగాక గడప మీదుగా ఎవరికీ చిటికెడు ఉప్పు కూడా ఇవ్వలేదు. అలా ఇస్తే ఆ ఇంటికి కీడని వాళ్ళమ్మ చేతి మీద ఒక్కటి వేసి మరీ నేర్పింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే ఇవ్వంది, మంచాన పడ్డవాడికి ఇస్తుందా? అందుకని రోజూ ఒక్క అడుగు లోపలికి వేసి గ్లాసు ఇచ్చి, వెంటనే బయటికి వచ్చేసేది. నర్సు కూడా ఆ నమ్మకంలోనే పెరిగిన పిల్ల కాబట్టి ఏమీ అనలేదు. గది ఇరుకు, మంచం తలుపు పక్కనే. ఆ ఒక్క అడుగుకే ఆమె ఏప్రను మంచం పట్టెకు రాసుకునేది. అదే ఏప్రనుతో పక్క గదికి వెళ్ళి ఊస్తిమ్ దుప్పటి సర్దేది.

సూపు గిన్నెతో ఏడో గదిలోకి వెళ్ళింది. ఊస్తిమ్ తల తిప్పి చూశాడు. ఇరవై మూడేళ్ళవాడు, ఎడమ కాలు మోకాలి కింద లేదు.

"ఏంటి పిన్నీ, మొహం అలా పెట్టావ్? నా కాలేమైనా నీ బకెట్లో దొరికిందా?"

"నోర్ముయ్యరా! పొద్దున్నే ఏం మాటలవి? సూపు తాగు."

"మా అమ్మ చేసినట్టుంటే తాగుతా. నీళ్ళలా ఉందనుకో, దాంతో నేల తుడుచుకో."

అతను నవ్వబోతే జ్వరపు చలికి పళ్ళు టకటకమన్నాయి. వసిలీనా దుప్పటి పైకి లాగబోయి ఆగిపోయింది. కట్టులోంచి ఒక తియ్యటి వాసన. ఆరో గదిలో రోజూ వచ్చే వాసనే.

మధ్యాహ్నం బొహ్దానా కాగితం పట్టుకుని వచ్చింది. "అదే క్రిమి," అంది నర్సుతో. "ల్యాబులో పన్నెండు మందులు వేసి చూశారు. ఒక్కటే కాస్త పనిచేస్తోంది. అదీ కిడ్నీలను తినేసే మందు. పైకి, ఐసీయూకి తీసుకెళ్దాం."

మంచం కదిలి వెళ్ళిపోయాక వసిలీనా డాక్టరు చెయ్యి పట్టుకుంది.

"డాక్టరమ్మా, నేనే తెచ్చిపెట్టాను. రోజూ ఆరో గదిలోకి అడుగు పెట్టాను. గడప మీదుగా ఇవ్వకూడదని... ఒక్క అడుగే..."

బొహ్దానా గోడకు ఆనుకుంది. రెండు రోజులుగా నిద్ర లేని కళ్ళు మూసుకుంది.

"వసిలీనా పెట్రివ్నా, ఆ అబ్బాయి మూడు ఆసుపత్రులు తిరిగి మన దగ్గరికొచ్చాడు. ఎక్కడ అంటుకుందో ఎవరు చెప్పగలరు? నా చేతుల నుంచే కావచ్చు. ఇంకెప్పుడూ అలా వెళ్ళకండి."

అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నువ్వే అనో, నువ్వు కాదనో ఎవరైనా తేల్చి చెబితే బతకొచ్చు. ఇక ఈ జన్మకు ఆ మాట చెప్పేవాళ్ళు లేరని ఆమెకు అర్థమైంది. వైమానిక దాడి సైరన్ మోగింది. ఎవరూ నేలమాళిగలోకి దిగలేదు. ఆమె చేతులు సబ్బుతో కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది, చర్మం మండేదాకా కడుక్కుంది.

నాలుగున్నరకు ఆమె మెట్లు తుడుస్తుంటే ఐసీయూ నర్సు దిగివచ్చింది.

"పిన్నీ, ఆ అబ్బాయి ఇక లేడు. ఏడో గది ఖాళీ చేసి కడగాలట."

వసిలీనా గౌను వేసుకుంది, చేతితొడుగులు తొడుక్కుంది. దుప్పటీ దిండూ తీసి, కాల్చడానికి పంపే ఎర్ర సంచిలో వేసింది. పరుపు ఎత్తితే ఒక న్యూస్‌పేపర్ పొట్లం కనిపించింది. విప్పింది. పొద్దుతిరుగుడు గింజల తొక్కలు.

వార్డులో అందరూ గింజలు నమిలి తొక్కలు నేల మీదే ఊస్తారు. తుడవలేక ఆమె తిట్టని రోజు లేదు. ఈ పిల్లాడు ఒక్కటీ కింద పడనివ్వకుండా, ఆమెకు పని పెరగకుండా, పొట్లం కట్టి దాచాడు.

"ఒరేయ్ నాయనా," అంది వసిలీనా. సంచి నోరు తెరిచి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఖాళీ ఇనుప మంచం మీద పొట్లం ఉంది. తొక్కల మధ్య ఇంకా ఒలవని గింజలు నాలుగు ఉన్నాయి.