అందరి బల్ల, ఆయన గది

"అయితే నేను పాలు వేడి చేసుకోవడం కూడా తప్పేనన్నమాట!" అత్తగారు ఆ మాట అనడం ఇది మూడోసారి.

"తప్పని ఎవరన్నారమ్మా? నువ్వా మైక్రోవేవ్ నొక్కావంటే నెట్ చస్తోంది. మంచి సమయంలో మ్యాచ్ ఆగిపోయింది," అన్నాడు ఆవిడ కొడుకు.

"అమ్మనడగండి, తన పనే అది కదా," అంది మనవరాలు ఫోన్లోంచి తలెత్తకుండా.

నిజమే, ఆ ఇంటి కోడలి పనే అది. రేడియో తరంగాలను ఎవరు, ఎంతకు, ఎలా పంచుకోవాలో తేల్చే ఆఫీసులో ఉద్యోగం. ఆ తేల్చడమంతా భోజనాల బల్ల దగ్గరే, ఒక చెయ్యి కీబోర్డు మీద, ఒక చెయ్యి ఒలవాల్సిన బఠానీల్లో. "ఇంట్లో కూర్చుని చేసే పనేగా, ఎక్కడైనా చేసుకోవచ్చు," అంటాడు భర్త. ఆయనకు మాత్రం తలుపున్న గది, రౌటరుతో సహా. ఆయన ఆఫీసుకెళ్ళాక అది సాయంత్రం దాకా ఖాళీయే. అయినా ఎవరూ అడుగుపెట్టరు. ఆయన గది కదా!

ఆ పొద్దున ఆమె పై అధికారికి వీడియోలో తన నివేదిక వివరించింది. "ఇక అంతరాయాల సంగతి..." అనగానే వంటింట్లో మైక్రోవేవ్‌లో పాలు తిరగడం మొదలైంది. తెరమీద ఆమె నోరు తెరుచుకుని బొమ్మలా నిలిచిపోయింది. "అంతరాయమంటే ఏమిటో కళ్ళకు కట్టారు," అని ఆ అధికారి నవ్వి, శుక్రవారం మళ్ళీ చెప్పమన్నాడు. అదీ చెడితే నివేదిక పక్క సీటాయన చేతికి పోతుంది.

"లైసెన్సు తరంగాలు డబ్బు కట్టినవాళ్ళవి. వాళ్ళు వాడకపోయినా ఇంకొకరు ముట్టుకోకూడదు," అంది ఆమె ఇప్పుడు, అత్తగారికి పాల గ్లాసు అందిస్తూ. "లైసెన్సు అక్కర్లేని చోట వైఫై, మైక్రోవేవ్ అన్నీ దూరి తోసుకుంటాయి. అక్కడ ఎవరి మీదా ఎవరూ ఫిర్యాదు చెయ్యడానికి లేదు."

చెబుతూనే బల్లకేసి చూసింది. లాప్‌టాప్, బఠానీలు, అత్తగారి మాత్రలు, కూతురి జడ క్లిప్పులు. ఆమెకు నవ్వాగలేదు. ఖాళీగా పడున్నదాన్ని పక్కవాళ్ళకు వాడుకోనివ్వండి అని ఆ నివేదికలో దేశానికంతా సలహా రాస్తోంది తను!

అందరూ భోజనానికి కూర్చున్నాక మామూలుగా చెప్పింది.

"రేపటినుంచి పగలు మీ గదిలో పనిచేస్తాను. సాయంత్రం మీరు రాగానే ఖాళీ చేస్తాను."

"శుక్రవారం నేనింట్లోనే ఉంటానుగా!" అన్నాడాయన.

"శుక్రవారం పాలు చల్లగానే తాగుతాలే," అన్నారు అత్తగారు, కోడలి వైపు కన్నుగీటి.

ఆమె పప్పు గిన్నె ఆయన ముందుకు జరిపింది.

"శుక్రవారం లైసెన్సు నాది. మీకు బల్లుంది. బఠానీలు కూడా అక్కడే ఉంటాయి."