తొంభయ్యో ఏటి బీరు

మా ఆయన అన్ఫిన్‌కు శుభ్రం పట్టింపు ఏనాడూ లేదు. గొర్రెల పాకలోంచి అవే బూట్లతో వంటింట్లోకి వచ్చి, నేను చూస్తుండగానే కుర్చీ లాక్కుని కాఫీ పోసుకునే రకం. అట్లాంటి మనిషి ఆ నవంబరులో మోచేతుల దాకా ఎర్రగా ఉడికిపోయేటట్టు గిన్నెలూ పీపాలూ తోముతుంటే, దారిన పోయేవాళ్ళు మా బీరు పాక ముందు ఆగి ఇంట్లో ఎవరైనా పోయారా అని నన్నడిగారు.

ఎవరూ పోలేదు. సీనెవా అత్తకు తొంభై నిండబోతున్నాయి, అంతే.

అత్త మా మామగారి చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. మగవాళ్ళంటే తనకు విసుగని ఆమె అంటుంది, ఆమెను చూస్తే మగవాళ్ళకు దడ అని లోయలో పెద్దవాళ్ళంటారు. ఒకరోజు అన్నాల దగ్గర, వేడి బంగాళాదుంప తొక్క తీసుకుంటూ, ఉప్పందించమన్నంత మామూలుగా చెప్పింది. పుట్టినరోజు నాడు దుకాణపు డబ్బా బీరు తన గొంతు దిగదట.

"ఇంట్లో బీరు కాస్తే ఇక్కడ చేసుకుంటా. కాయకపోతే షూర్ ఇంట్లో చేసుకుంటా. వాణ్ణి అడిగాను, సరేనన్నాడు."

మా ఆయన నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది.

షూర్ నా తమ్ముడు. వాగుకు అవతలి గట్టు మీద వాడి పొలం. ఆరేళ్ళ కిందటి క్రిస్మస్ దాకా వాడూ మా ఆయనా ఒకరి పాకలో ఒకరు పొర్లేవాళ్ళు. ఆ ఏడు వానలు వదలక గడ్డి కోత ఆలస్యమై, అన్నీ హడావిడి. బీరు పొంగే పెద్ద చెక్క గంగాళాన్ని చన్నీళ్ళతో తొలిపి ఊరుకున్నాడు మా ఆయన. బీరు పులిసిపోయింది. రుచి చూడ్డానికి వచ్చినవాళ్ళు మర్యాదకు మింగి, బాగుందన్నారు. షూర్ ఒక్కడే గ్లాసు వాసన చూసి, "బావా, దీంట్లో హెర్రింగ్ చేపలు ఊరేస్తే ఈస్టరు దాకా చెడిపోవు" అన్నాడు. పాకంతా ఒకటే నవ్వు. మా ఆయన నవ్వలేదు. మర్నాడు చేతికందినదల్లా ఒక పీపాలో కుక్కి, పాకకు తాళం వేశాడు. వాగు దాటి వాళ్ళింటికి మళ్ళీ వెళ్ళలేదు. ఎదురైతే వాన గురించి మాట్లాడతాడు, గొర్రెల గురించి మాట్లాడతాడు. బీరు మాట మాత్రం ఇద్దరూ ఎత్తరు.

ఇప్పుడు సొంత మేనత్త తొంభయ్యో పుట్టినరోజు ఆ షూర్ ఇంట్లో జరిగితే ఇంక లోయలో తల ఎత్తుకునేదెట్లా? ఆ మాట మా ఆయన పైకి అనలేదు. తాళం చెవి కోసం మాత్రం నా కుట్టుమిషను సొరుగుతో సహా ఇల్లంతా తిరగేశాడు.

పాక తెరిస్తే లోపల ఎలుకలు కాపురం పెట్టి మనవలను కూడా ఎత్తుకున్నట్టుంది. గంగాళం ఎండి, చెక్కల మధ్య సందుల్లోంచి అవతలి గోడ కనబడుతోంది. రాగి కాగు లోపలంతా పచ్చటి చిలుము. మా ఆయన ఒక్కసారి అంతా చూసి, చొక్కా చేతులు మడిచాడు. క్రితంసారి ఏ మురికి తన పరువు తీసిందో, ఆ మురికి వంశమే లేకుండా చెయ్యాలన్న పట్టుదల మొహంలో కనబడింది.

గంగాళాన్ని తాడుకట్టి వాగులో దింపి, కొట్టుకుపోకుండా నిండా రాళ్ళు వేశాడు. చెక్కలు నీళ్ళు తాగి ఉబ్బి, సందులు మూసుకుపోయేదాకా రోజూ వెళ్ళి ఆవును తడిమినట్టు తడిమి వచ్చేవాడు. కాగును పుల్లటి విరుగుడు నీళ్ళూ ఉప్పూ ఇసకా వేసి తోమితే చివరకు తన మొహం తనకు కనబడింది. మీసం చూసుకుని కత్తిరించుకున్నాడు కూడా. పీపాల్లో వేడినీళ్ళూ ఇనప గొలుసూ వేసి, మూత బిగించి, మిట్ట మీద అటూ ఇటూ దొర్లించాడు. లోపల గొలుసు గలగలా కొట్టుకుని పీపాను గీకేస్తుంది. ఒక పీపా చేయి జారి, పల్లానికి దొర్లి, వాగు మీద వంతెన దాటి షూర్ కంచెకు తగిలి ఆగింది. షూర్ ఇంట్లోంచి వచ్చి దాన్ని నిలబెట్టి, దుమ్ము దులిపి లోపలికి పోయాడు. మా ఆయన వెళ్ళి, తల పక్కకు తిప్పుకుని పీపాను తెచ్చుకున్నాడు. కిటికీలోంచి చూస్తున్న నాకు ఇద్దరి వీపుల మీదా ఒక్కొక్కటి వెయ్యాలనిపించింది.

చిన్న సామాన్ల కోసం పెద్ద తొట్టిలో బట్టల సోడా వేసి నీళ్ళు మరిగించాడు. గరిటెలు, బిరడాలు, వడకట్టే గుడ్డలు, ఆనాడు కోపంతో పీపాలో కుక్కినవన్నీ అందులోకి దిమ్మరించాడు. ఉడికించాడు, తోమాడు, మళ్ళీ ఉడికించాడు. అన్నీ తెల్లగా మెరుస్తూ గోడకు మేకుల మీద వరసగా వేలాడాయి. ఆ వరస ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, పెళ్ళికూతురి అలంకారం చూసుకుంటున్నట్టు చూశాడు.

అత్త పుట్టినరోజు ఆదివారం. మంగళవారం తెల్లవారుజామునే పాకలో పొయ్యి రాజేశాడు. నీళ్ళలో జూనిపర్ పొద కొమ్మలు మరిగిన వాసన వంటింటి దాకా వచ్చేసరికి నా చేతిలో పని నిలవలేదు. ఏళ్ళ తర్వాత మా పొగగొట్టం నుంచి ఆ వాసన. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని ఆ నీళ్ళలో నానేసి, జూనిపర్ కొమ్మల పరుపు మీదుగా రసం వడకట్టి, చేదు కోసం హాప్స్ పూలు వేసి రోజంతా కాచాడు. గంగాళం ఒక్క చుక్క కారలేదు. చీకటి పడేసరికి బంగారు రంగు రసం అందులో చల్లారుతోంది. నేను గరిటెతో కొంచెం తాగి చూశాను. తేనె పానకానికి అడవి వాసన పట్టినట్టుంది.

అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చింది. రసంలో మోచెయ్యి ముంచి, అప్పుడే పితికిన పాలంత వేడి ఉందని, ఇంక తోడు వెయ్యమని చెప్పింది. మా ఆయన మేకు మీదనుంచి తోడు దండ తీసి రెండు చేతులతో ఇచ్చాడు.

చిన్న చిన్న చెక్కముక్కలు గుచ్చిన దండ అది. అత్త దాన్ని దీపం దగ్గర పెట్టి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది ఇంత తెల్లగా ఎట్లా అయిందిరా?"

"కడిగానత్తా," అన్నాడు మా ఆయన, మెప్పు కోసం చూస్తూ.

"దేంతో?"

"సోడాతో. బాగా మరిగించి..."

చివరి మాట నోట్లో ఉండగానే అతనికి అర్థమైంది.

ఆ దండ మీద ఎప్పుడూ మట్టి రంగు పొర ఒకటి గట్టిగా అట్టకట్టి ఉండేది. చూసేవాళ్ళకు మురికి. కానీ బీరును పొంగించే తోడు అదే. కాసినప్పుడల్లా పైన తేలే నురగలో దండను ముంచి ఆరేస్తే, ఆ ప్రాణం ఎండిపోయి నిద్రపోతుంది. ఎన్నేళ్ళయినా సరే, వెచ్చటి రసంలో వేస్తే లేస్తుంది. మా మామగారి తాత నాటి నుంచి ఈ ఇంట్లో బతుకుతున్నదాన్ని మా ఆయన సోడాలో ఉడకబెట్టి, తోమి, మళ్ళీ ఉడకబెట్టాడు.

బోర్లించిన తొట్టి మీద కూలబడ్డాడు. అత్త నవ్వడం మొదలుపెట్టింది. మొదట భుజాలు కదిలాయి, తర్వాత కర్ర జారింది, చివరకు నేను పట్టుకోకపోతే గంగాళంలో పడేది. "మురికి మిగల్చలేదురా నాయనా," అంది కళ్ళు తుడుచుకుంటూ, "బీరు కూడా మిగల్చలేదు."

నేను వంటింట్లో రొట్టెలకు వాడే ఈస్టు ఉందన్నాను. అత్త నావైపు చూసిన చూపుకు ఆ మాట వెనక్కి తీసుకున్నాను. రసం ఆగేది కాదు. తెల్లారేదాకా ఉంచితే దానంతట అదే పులుస్తుంది, క్రితంసారిలాగే. పోనీ నేను వెళ్ళి తమ్ముణ్ణి అడిగి తెస్తానన్నాను. అత్త దానికీ ఒప్పుకోలేదు. మా లోయలో తోడు అడిగితే లేదనేవాడు ఉండడు. కానీ కాచినవాడే స్వయంగా వెళ్ళి నోరు తెరిచి అడగాలి. ఇచ్చినవాడే వచ్చి తన చేత్తో వెయ్యాలి. బీరు అయ్యాక మొదటి గ్లాసు అతనికే. ఇన్నీ మా ఆయనకు తెలుసు. అందుకే తొట్టి మీదనుంచి లేవలేదు.

"లేస్తావా, నేను వెళ్ళనా?" అంది అత్త. "నేను వెళితే పుట్టినరోజుకూ అక్కడే ఉండిపోతాను."

లేచాడు. వాళ్ళ గిన్నె ఒకటి తిరిగివ్వాలన్న వంకతో నేనూ వెనకే నడిచాను. ఈ సంగతి చూడకుండా ఎవరుంటారు?

షూర్ వాకిట్లో దీపం కింద కట్టెలు కొడుతున్నాడు. మా ఆయన మంచు ఈసారి తొందరగా పడుతుందేమో అన్నాడు. షూర్ పడొచ్చన్నాడు. మా ఆయన పొట్టేలు కుంటుతోందన్నాడు. షూర్ దానికి డెక్క చూడాలన్నాడు. అట్లా లోయలో గొర్రెలన్నీ అయిపోయాక కూడా షూర్ గొడ్డలి దించలేదు. పొద్దున్నుంచి వాడి ముక్కుకూ మా జూనిపర్ వాసన తగులుతూనే ఉంది, బావ వచ్చింది పొట్టేలు కోసం కాదని వాడికి తెలుసు.

చివరకు మా ఆయన, గొడ్డలికి చెబుతున్నట్టు, "తోడు కావాలి. మాది కడిగేశాను" అన్నాడు.

"కడిగేశావా?"

"సోడాతో."

షూర్ మొహం బిగించుకున్నాడు. పెదవి వణికింది. నవ్వుతాడనుకున్నాను, నవ్వితే మా ఆయన వెనక్కి తిరిగేవాడే. వాడు గొడ్డలిని మొద్దులో దిగేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"బావా, ఆరోజు నేను నోరు మూసుకోవాల్సింది. ఇన్నాళ్ళూ అనుకుంటూనే ఉన్నా. కానీ ఒట్టు, అది పుల్లగానే ఉంది."

"ఉంది," అన్నాడు మా ఆయన. "గంగాళం కడగలేదు నేను."

అది ఒప్పుకోవడానికి అతనికి ఇంతకాలం పట్టింది. ఒప్పుకున్నాక ఏమీ కూలిపోలేదు. అప్పుడు ముందు మా ఆయనే నవ్వాడు, ఆ వెనక షూర్. ఇద్దరూ కట్టెల కుప్పకు ఆనుకుని నవ్వుతుంటే మా మరదలు కిటికీ తీసి, అప్పుడే తాగారా అని అడిగింది.

షూర్ తన తోడు తెచ్చి మా గంగాళంలో వేశాడు. తోడు వేసేటప్పుడు అక్కడున్న మగవాళ్ళు గంగాళం మీదికి వంగి గట్టిగా అరవాలి. ఎంత అరిస్తే బీరుకు అంత బలం. ఇద్దరూ వంగి అరిచారు. చాల్లేదంది అత్త. మళ్ళీ అరిచారు. గొర్రెల పాకలో గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, కుక్క మంచం కిందికి దూరింది. ఎదురైనప్పుడల్లా మింగిన మాటలన్నీ ఆ అరుపులో పోయాయనిపించింది నాకు.

ఇంతటితో మా ఆయనకు నిమ్మళం రాలేదు. గంగాళం దగ్గర కుర్చీ వేసుకుని, చెవి చెక్కకు ఆనించి కూర్చున్నాడు. బుధవారం పొద్దున కాఫీ తీసుకెళ్ళేసరికి మూత పైకి లేచి ఉంది. తెల్లటి నురగ గట్టు దాటి, అతను అన్నిసార్లు తోమిన నేల మీదుగా గుమ్మం దాకా పాకింది. మా ఆయన అందులో బూట్లతో నిలబడి, తుడవాలన్న ధ్యాసే లేకుండా పళ్ళికిలిస్తున్నాడు. అత్త ఆ తెల్లటి దండను నురగలో ముంచి ఆరేసింది. "షూర్ ఇంటి తోడు కదా, గోల ఎక్కువే చేస్తుంది" అంది.

గురువారం సాయంత్రం బీరును పీపాల్లోకి పట్టాం. ఆ పూటకు ఎవరినీ పిలవక్కర్లేదు. పాకలో దీపం చూసి ఎవరి గ్లాసు వాళ్ళు జేబులో పెట్టుకుని వస్తారు. మా పాకకు ఎవరైనా వస్తారా అని మా ఆయన తలుపు వైపు చూడకుండా చూస్తున్నాడు. చీకట్లో ఒక టార్చి, ఆ వెనక ఇంకో రెండు, ఆ వెనక ట్రాక్టరు మీద ఒక కుటుంబమే.

మొదటి గ్లాసు షూర్‌కు. వాడు ఒక గుటక వేశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకో గుటక వేసి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా దించలేదు. "బావా," అన్నాడు, "నా తోడుతో నేను ఇట్లాంటిది ఒక్కసారీ కాయలేదు. ఇట్లా రావాలంటే నేనేం చెయ్యాలో చెప్పు."

మా ఆయన పొగ వెళ్ళడం లేదంటూ తిరిగి పొయ్యి వైపు చూశాడు. పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

తర్వాత గ్లాసు అత్తకు. ఆమె సగం తాగి, పై పెదవి మీద నురగ తుడుచుకుని, కర్రతో నేల మీద కొట్టింది.

"ఇవ్వాళే నా పుట్టినరోజు."

ఆదివారం కదా అత్తా అని నేనన్నాను. పిండి ఇంకా కలపనైనా లేదు, అతిథులు ఆదివారానికి వస్తున్నారు.

"తొంభై ఏళ్ళు మోశాను. మూడ్రోజులు ముందు దించుకుంటే ఎవడడుగుతాడు? పొయ్యవే గూరో," అంది నావైపు గ్లాసు చాపి.

పోశాను. మా మరదలు ఇంటికి పరుగెత్తి ఎండు మాంసమూ వెన్నా రొట్టెలూ తెచ్చింది. ఎవరో ఫిడేలు తెచ్చారు. అత్త తన వంతు తను తాగి, పక్కింటి ముసలాయన్ని లేపి పాక మధ్యలో నాట్యమాడించింది, ఆయన మోకాళ్ళ మొరాలకించకుండా. తలా ఒక గ్లాసు, ఇంకో గ్లాసు. చివరి పీపాను షూర్ పక్కకు ఒంచి చూస్తే చుక్క రాలేదు. అందరూ తప్పు చేసినవాళ్ళలా మా ఆయన మొహం చూశారు. ఆదివారానికి కాసిన బీరంతా ఒక్క సాయంత్రంలో అయిపోతే ఏ మనిషికైనా కడుపు మండాలి.

మా ఆయన ఖాళీ పీపాను ముద్దుగా తట్టాడు. ఇంత ఆనందంగా అతన్ని మా పెళ్ళినాడు కూడా చూడలేదని ఇప్పుడు చెబితే అతనికి కోపం వస్తుంది.

శుక్రవారం పొద్దున నేను లేచేసరికి పాక పొగగొట్టం అప్పటికే పొగ కక్కుతోంది. ఆ గోలపిల్ల తోడు రెండ్రోజుల్లో పని ముగిస్తుందని తెలిసింది కదా, ఆదివారం అత్తకు ఇంకో పుట్టినరోజు ఖాయం. షూర్ వాగునుంచి నీళ్ళు మోస్తున్నాడు. మా ఆయన బూట్లు విప్పి గుమ్మం బయట పెట్టి, చీపురు పట్టుకుని గంగాళంలోకి దిగి, లోపల్నుంచి ఏదో పాట పాడుతున్నాడు.