నిండు సీసా

ఖాళీ సీసా దొరికితే కడిగి అరలో పెట్టుకుంటారు. నిండు సీసా దొరికితే మాత్రం నెత్తిన పెట్టుకుని ఊరేగుతారు. పాత సీసాలు తవ్వుకునేవాళ్ల లోకంలో ఇదే వేదం. ఎప్పటిదో సీసా, మూత ఊడకుండా, లోపలి సరుకు కారిపోకుండా మట్టిలోంచి బయటపడటమంటే మాటలా? దాని మూత తియ్యకూడదు, ఒంపకూడదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి, గలగల విని మురిసిపోవాలి. ఎవరి పిచ్చి వాళ్లకానందం.

క్లెమెంట్ రడ్‌కి, అందరూ పిలిచే పేరు క్లెమ్, అలాంటిది పోయిన నెలలో దొరికింది. బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. ఇంగ్లీషు గడ్డ మీద నార్ఫోక్‌లో కోతలు అయిపోగానే రైతుల దగ్గర అనుమతి తీసుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మట్టిలో లోహాన్ని పసిగట్టే మిషన్ చేతిలో ఊపుకుంటూ చేలల్లో తిరుగుతాడు. ఇన్నేళ్లూ ఏం సంపాదించావయ్యా అంటే గుండీలు, గుర్రపు నాడాలు, ట్రాక్టరు నట్లు. కొండను తవ్వి ఎలుకను పట్టే యవ్వారం. అలాంటిది టడెన్‌హామ్ వాళ్ల బార్లీ చేలో, కంచె మూల, మిషన్ కుయ్యిమంది. తవ్వితే సీసా. తెల్లటి గాజు, తుప్పు పట్టిన రేకు మూత, లోపల పచ్చటి నీళ్లు, అడుగున తొక్కలాంటిదేదో. పాతకాలపు సోడా, అడుగున ఉన్నది నారింజ తొక్క అని అక్కడికక్కడే తేల్చేశాడు.

ఈ తవ్వుకునేవాళ్ల క్లబ్బులో ఆ నెల బహుమతి దానికే వచ్చింది. పబ్బు వెనక గదిలో అందరూ దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని, ఊపి, లైటుకి అడ్డంగా పెట్టి చూసి, లొట్టలేశారు. ఒకాయన ముద్దు కూడా పెట్టుకున్నాడు. ఆ తర్వాత క్లెమ్ దాన్ని ఇంటికి తెచ్చి వంటింటి కిటికీ గట్టు మీద, ఎండ పడేచోట పెట్టాడు. అతని భార్య ఏవిస్‌కి ఈ తుక్కంటే మొదట్నించీ ఒళ్లు మంట. సామానంతా షెడ్డు దాటి లోపలికి రాకూడదని ఆజ్ఞ. ఈ ఒక్కదానికి ఎలాగో బతిమాలుకున్నాడు. ఒక్కసారి ఆమె నోట బాగుందనిపించుకోవాలని అతని ఆశ. ఏవిస్ దాన్ని చూసి పాచినీళ్లంది, అంతటితో సరి.

ఆ శనివారం పొద్దున్నే క్లెమ్ మళ్లీ అదే మూలకి వెళ్లాడు. వెంట లయొనెల్ పాస్క్ ఉన్నాడు. ఇద్దరూ ఒకే డిపోలో బస్సులు నడిపినవాళ్లు. ఒక్క సోడాకే ఊరంతా టముకు వేసుకున్నావు, రెండోది దొరికితే నిన్ను పట్టలేమురా అని దారంతా ఏడిపించాడు లయొనెల్. మిషన్ పెట్టగానే కూత ఒకటి కాదు, పక్కపక్కనే వరసగా వచ్చింది. మోచేతి లోతు తవ్వేసరికి పుచ్చిపోయిన చెక్క పెట్టె కనిపించింది. అందులో మూతలు బారులు తీరి ఉన్నాయి. అన్నీ నిండు సీసాలే. ముసలాళ్లిద్దరూ ఒకర్నొకరు కావలించుకుని గెంతారు.

ఆ గెంతులోనే లయొనెల్ పార మొన ఒక సీసాకి తగిలింది. టిక్కుమంది. తెల్లటి పొగ లేచింది. చూస్తూండగానే మట్టి అంటుకుంది. అగ్గిపుల్ల లేదు, నిప్పురవ్వ లేదు, తడి మట్టి తనంతట తనే మండుతోంది. గుప్పుమని వెల్లుల్లి వాసన. లయొనెల్ బూటు కొస నుంచి కూడా పొగ వచ్చింది. వాడు బూటు విసిరేసి ఫ్లాస్కులో టీ మంట మీద కుమ్మరించాడు. ఆరింది. ఊపిరి పీల్చుకునేలోగా మళ్లీ రాజుకుంది.

పొగ చూసి పొలం యజమాని టడెన్‌హామ్ అమ్మగారు జీపేసుకుని వచ్చింది. ఎనభై దాటిన మనిషి. దూరంగానే ఆగి, చెయ్యెత్తింది.

"అబ్బాయిలూ, అది అక్కడే వదిలేసి మెల్లిగా ఇటు రండి. పరిగెత్తకండి."

దగ్గరికొచ్చాక చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మన్ ట్యాంకులొస్తే విసరమని ఊళ్లోవాళ్లకి ఇవి పంచారట. లోపల భాస్వరం, పెట్రోలు లాంటి నూనె, తొక్కలా కనిపించే రబ్బరు ముక్క. సీసా పగిలి గాలి తగిలితే చాలు, దానంతటదే అంటుకుంటుంది. వాళ్ల నాన్న దగ్గర పెట్టెలకి పెట్టెలుండేవట. అన్నీ సైన్యం పట్టుకుపోయిందని ఆయన చచ్చేదాకా చెప్పాడట.

"మోయడానికి బద్ధకించి పాతేశాడన్నమాట మహానుభావుడు. నీళ్లలో ఉన్నంతసేపే అది బుద్ధిగా ఉంటుంది నాయనా. ఎండకి మాత్రం పెట్టకూడదు."

క్లెమ్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. వంటింటి కిటికీ. ఎండ. నెలరోజులుగా కొరివితో తల గోక్కుంటూ, పైగా ఊరందరి చేతా గోకించాడు.

పోలీసులకి కబురు చెయ్యడానికి లయొనెల్ అక్కడే ఉండిపోయాడు. క్లెమ్ గేటు దగ్గర సిగ్నల్ దొరకగానే ఇంటికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఏవిస్ చెవి మిషన్ తీసి పక్కన పెట్టేస్తుంది. ఆ నిశ్శబ్దమే తనకి స్వర్గమంటుంది. బస్సు నడిపినన్నాళ్లూ ఒక్క గీత దాటని మనిషి ఆవేళ కారెలా నడిపాడో అతనికే తెలీదు. దారి పొడుగునా తన ఇంటివైపు ఆకాశంలో పొగ కోసం చూస్తూనే ఉన్నాడు.

పొగ లేదు. ఇల్లు ఇల్లులాగే ఉంది. తోటవైపు నుంచి వెళ్లి చూస్తే కిటికీ గట్టు ఖాళీగా ఉంది. అద్దంలోంచి లోపలికి తొంగిచూశాడు.

ఏవిస్ బల్ల ముందు కుర్చీలో కూర్చుని ఉంది. బల్ల మీద పేపరు పరిచి, గిన్నెలో వెనిగర్ పోసి పెట్టుకుంది. సీసాని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని, ఇనప బ్రష్షుతో మూత మీది తుప్పు బరబరా గీకుతోంది.

క్లెమ్ కేక వెయ్యబోయి ఆగాడు. అరిస్తే వినపడదు. వెనకనుంచి వెళ్లి భుజం మీద చెయ్యేస్తే ఉలిక్కిపడుతుంది. కింద రాతి పలకలు. కిటికీ బయట ఆమెకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మొహాన నవ్వొకటి తెచ్చి అతికించుకున్నాడు. ఏవిస్ తలెత్తింది. ఆమె కూడా నవ్వింది. సీసాని పైకెత్తి, ఒంటిచేత్తో ఊపి చూపించింది.

అతను అదే నవ్వుతో గుమ్మం చుట్టూ తిరిగి లోపలికి వచ్చాడు. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, సీసా కింద దోసిలి పట్టాడు. ఆమె వదల్లేదు.

"ఉండు, ఇంకాస్తే ఉంది. అద్దంలా చేసిస్తాను."

అతను తలూపాడు, బాగుందని సైగ చేశాడు, మెల్లిగా ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడిపించాడు. సీసాని పసిబిడ్డలా పట్టుకుని పెరట్లోకి నడిచాడు. వాననీళ్ల పీపాలో భుజాల దాకా చేతులు ముంచి, సీసా అడుగు తగిలాక వదిలాడు.

వెనక గుమ్మంలో ఏవిస్ నిలబడి ఉంది. మొహం కందగడ్డలా ఉంది.

"పొద్దుట్నించీ చేతులు పడిపోయేలా తోమాను. ఇన్నేళ్లలో ఒక్కసారి నీ తుక్కు నాకూ ముద్దొచ్చిందయ్యా. తీసుకెళ్లి మురికినీళ్లలో పడేస్తావా?"

క్లెమ్ లోపలికెళ్లి చెవి మిషన్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తగిలించుకునేదాకా ఆగి, ఆమెని తోట చివరికి తీసుకెళ్లి అంతా చెప్పాడు. చేను, పొగ, మండిన మట్టి, టడెన్‌హామ్ అమ్మగారి మాట. ఏవిస్ తన చేతులు తిప్పి చూసుకుంది. మూత వదులవుతుందేమోనని పొద్దున కత్తి మొన కూడా దూర్చానంది. ఆ మాట వినగానే అతను గడ్డిలో కూలబడిపోయాడు. ఆమె కూడా పక్కనే కూర్చుంది.

"అయితే కిటికీలో నిలబడ్డప్పుడే నీకు తెలుసా, అది బాంబని?"

"తెలుసు."

"తెలిసే లోపలికొచ్చావా?"

అతను తలూపాడు.

"నేనింకా, నేను చేసిన పనికి మురిసిపోయి నవ్వావనుకున్నాను," అంది ఏవిస్. ఇంకేదో అనబోయింది కానీ ఏడుపొచ్చేసింది.